మన కుటుంబములలో ఆస్తి పంపకము, వీలునామా – కొంత చరిత్ర

సంఘముల నూరేండ్ల చరిత్ర వ్రాయువారు దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను గూర్చి విరివిగా వ్రాయుదురు. ఇంటి పెద్ద గతించిన పిమ్మట ఆ యింటి పొలము, నగలు ఎవరికి చెందెనో వ్రాయువారు అరుదు. సంఘ కాపరుల యొద్దకు వచ్చు తగవులలో ఇవి తక్కువేమియు కావు గనుక, ఆ చరిత్రనే ఇచ్చట కొంత విన్నవించుచున్నాము.

మొదటి తరము విశ్వాసులకు ఉన్న ఆస్తి నిలుపుకొనుటయే చిక్కు. బాప్తిస్మము పొంది కులమునుండి వెలియైనవాడు హిందూ ధర్మశాస్త్రము ప్రకారము వారసత్వమును కోల్పోవుచుండెను. 1850వ సంవత్సరపు 21వ చట్టము ఆ నష్టమును తొలగించెను. అయితే అట్టివాడు మరణించినచో అతని యింటివారికి వర్తించునది ఏ చట్టము?

ఈ ప్రశ్న మన పొరుగున బళ్లారిలో తెగినది. మాథ్యూ అబ్రహాము అను దేశీయ క్రైస్తవుడు అక్కడ వర్తకము వలనను, సారా కంట్రాక్టు వలనను చాల ధనము గడించి 1842లో మరణించెను. ఆయన భార్య షార్లెట్ యూరేషియన్ కుటుంబపు స్త్రీ. మాది హిందూ అవిభక్త కుటుంబము వంటిదే గనుక ఆస్తిలో నాకును వాటా కలదని తమ్ముడు ఫ్రాన్సిస్ వాదించెను. ఆ యింటివారు ఎట్టి దుస్తులు ధరించిరి, ఎవరి మర్యాదలు పాటించిరి అను సంగతులు కూడ సాక్ష్యములోనికి ఎక్కినవి! 1863లో లండనులోని ప్రీవీ కౌన్సిలు, మతము మారినవాడు పాత ఆచారమునైనను, తాను చేరిన సమాజపు ఆచారమునైనను అనుసరింపవచ్చునని చెప్పి, అవిభక్త కుటుంబపు హక్కును నిరాకరించెను.

తీర్పు మంచిదే. గాని ప్రతి విధవరాలును తన యింటి నడవడిని కోర్టులో రుజువు చేయగలదా? ఆ చింత తీర్చినది 1865వ సంవత్సరపు వారసత్వ చట్టము. అది 1866 జనవరి 1 నుండి అమలై, పిమ్మట 1925 నాటి చట్టములో కలిసినది. నైజాము ప్రాంతమునకు ఇది 1951లో వచ్చినది. వీలునామా లేక మరణించినవాని ఆస్తిలో భార్యకు మూడవ వంతు. మిగిలినది కొడుకులకు, కూతుండ్రకు సమానముగా. తిరువాన్కూరు క్రైస్తవ స్త్రీలు ఈ సమానత్వము కొరకు 1986లో సుప్రీంకోర్టు తీర్పు వరకు వేచియుండవలసి వచ్చినది.

కోస్తా జిల్లాలలో మన ఆడపడుచులకు ఈ హక్కు వారికంటె నూట ఇరువది యేండ్లు ముందే ఉండెను. అయినను ఎన్ని ఇండ్లలో దక్కినది? “పెండ్లికి ఇచ్చితిమి గదా” అను మాటతో కూతురి నోరు మూయించిన అన్నదమ్ములు మన విశ్వాసులలోను కలరు. తండ్రి బ్రతికియుండగా బిడ్డకు ఇచ్చినదానిని ఆమె వాటాలో తగ్గించరాదని అదే చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. సెలోపెహాదు కుమార్తెల కథ ప్రసంగించుటకు మనకు నోరు వచ్చును, దస్తావేజు వ్రాయుటకు చేయి రాదు!

ఇక వీలునామా. తెల్లకాగితము చాలును, స్టాంపు అక్కరలేదు. వ్రాసినవాని సంతకమును, ఇద్దరు సాక్షుల సంతకములును ఉండవలెను. సాక్షికి గాని, సాక్షి భార్యకు లేక భర్తకు గాని వ్రాసినది చెల్లదు. వీలునామా వ్రాసిన పిమ్మట పెండ్లియైనచో అది రద్దగును. కోర్టులో ప్రొబేటు పొందనిదే హక్కు నిలువదను నిబంధననుండి 2002లో భారతీయ క్రైస్తవులు విముక్తులైరి.

మరియొక ఆటంకము 118వ సెక్షను. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మతకార్యములకు లేక ధర్మకార్యములకు ఆస్తి వ్రాసినచో, ఆ వీలునామా మరణమునకు పండ్రెండు నెలలు ముందు వ్రాసినదై, ఆరు నెలలలోపల దాఖలు చేయబడినదై యుండవలెను. ఒక కతోలిక గురువు వేసిన వ్యాజ్యములో 2003లో సుప్రీంకోర్టు దీనిని వివక్షయని కొట్టివేసెను. ఆ తీర్పు సరియైనదే. అయితే వీలునామా ద్వారా భార్యకు ఏమియు లేకుండ యావదాస్తిని ఇతరులకు వ్రాయవచ్చును గనుక, ఆ పాత సెక్షను ఒక విధముగా ఇంటివారికి కావలి కాచినది. ఇప్పుడు ఆ కావలి లేదు. కావుననే సంఘమునకు వ్రాసెదనని ఎవరైన పడకనుండి పిలువనంపినప్పుడు, మేము మొదట ఆయన భార్యను, కూతుండ్రను గదిలోనికి పిలిపించి కూర్చుండబెట్టి, ఆ తరువాతనే కాగితము చూచుచున్నాము.