లక్ష్మీకాంతన్ హత్య కేసు

1944 నవంబరులో మద్రాసు నగరంలో జరిగిన ఒక పత్రికా సంపాదకుడి హత్య, దాని వెంట సుమారు రెండున్నరేళ్ళు నడిచిన విచారణలు కలిపి ఈ పేరుతో ప్రసిద్ధం. ఈ కేసులో అప్పటి అగ్రనటులు ఇద్దరికి శిక్ష పడింది, తర్వాత వాళ్ళు నిర్దోషులుగా విడుదలయ్యారు. హంతకుడెవరో ఇప్పటికీ తేలలేదు.

సి.ఎన్. లక్ష్మీకాంతన్ ఫోర్జరీ నేరానికి జైలుకెళ్ళి వచ్చినవాడు. 1943లో 'సినిమా తూదు' అనే తమిళ పత్రిక పెట్టి సినిమావాళ్ళ సొంత జీవితాలను వీధిన పెట్టడం మొదలుపెట్టాడు. పత్రిక బాగా అమ్ముడుపోయింది. తమ పేరు అందులో రాకుండా ఉండటానికి డబ్బు ముట్టజెప్పినవాళ్ళూ ఉన్నారు. గాయక నటుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, కోయంబత్తూరు నిర్మాత ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు కలిసి గవర్నరు ఆర్థర్ హోప్‌కు అర్జీ పెట్టుకోగా పత్రిక లైసెన్సు రద్దయింది. (ఈ నాయుడే 1954లో ఎన్.టి. రామారావు, భానుమతిలతో 'అగ్గిరాముడు' తీశాడు.) లక్ష్మీకాంతన్ ఆగలేదు. 'హిందు నేశన్' పేరుతో మళ్ళీ అవే రాతలు రాశాడు.

నవంబరు 8న వేపేరిలో తనకు తెలిసిన వకీలు ఇంటికి వెళ్ళి చేతిరిక్షాలో తిరిగి వస్తుండగా ఆయన్ను కత్తితో పొడిచారు. జనరల్ ఆసుపత్రిలో మరునాడు చనిపోయాడు. పోలీసులు అర్జీ పెట్టిన ముగ్గురినీ, మరికొందరినీ కుట్ర ఆరోపణపై అరెస్టు చేశారు. అప్పటికి భాగవతార్ నటించిన 'హరిదాస్' విడుదలై ఎంతో కాలం కాలేదు. బ్రాడ్వే థియేటర్లో ఆ సినిమా మూడు దీపావళులు చూసింది. ఆ కాలమంతా దాదాపుగా దాని కథానాయకుడు జైల్లోనే ఉన్నాడు.

1945లో జ్యూరీ తీర్పు ప్రకారం నాయుడు బయటపడ్డాడు. భాగవతార్, కృష్ణన్‌లకు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. హైకోర్టు అప్పీలు కొట్టేసింది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ మాత్రం అప్పీలును మళ్ళీ వినాలని ఆదేశించింది. 1947 ఏప్రిల్లో హైకోర్టు ఇద్దరినీ విడుదల చేసింది. కృష్ణన్ మళ్ళీ నిలదొక్కుకున్నాడు. భాగవతార్‌కు పాత వైభవం తిరిగి రాలేదు, 1959లో కన్నుమూశాడు.

ఈ కేసు గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడితో ముగిస్తారు. నిజానికి దర్యాప్తు మళ్ళీ మొదలవ్వాల్సింది ఇక్కడే. ముద్దాయిల మీద నేరం రుజువు కాలేదని చెప్పడం వరకే కోర్టు పని. మరి పొడిచిందెవరు, పొడిపించిందెవరు? లక్ష్మీకాంతన్ రాతల వల్ల నష్టపోయినవాళ్ళు ఆ ముగ్గురే కారు. చచ్చినవాడు మంచివాడు కాడు కాబట్టి ఆ ప్రశ్న వదిలేయవచ్చని అనుకోవడం అన్యాయం. తారల మీద జనానికున్న ప్రేమలో హతుడి ఊసే కనుమరుగైంది.

ఎనిమిదేళ్ళ తర్వాత, 1952లో, ఇదే నగరంలో జరిగిన ఆళవందార్ హత్యతో పోలిస్తే తేడా తెలుస్తుంది. మొండెం రైల్లో, ట్రంకు పెట్టెలో దొరికింది. తల రాయపురం సముద్రతీరంలో దొరికింది. ఆ రెండూ ఒకే మనిషివని మద్రాసు మెడికల్ కాలేజీ నిపుణుడు తేల్చడంతో కేసు ఒక దారికి వచ్చింది. అక్కడ సాక్ష్యం శరీరంలోనే ఉంది. లక్ష్మీకాంతన్ కేసు మనుషుల మాటల మీద, అందులోనూ అప్రూవరుగా మారిన వ్యక్తి మాట మీద ఆధారపడింది.

ఇక తెలుగు డిటెక్టివ్ నవలల విషయానికొస్తే, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌కూ అసిస్టెంట్ రాజుకూ మద్రాసే కార్యక్షేత్రం. ఆ నవలల్లో చివరి అధ్యాయానికల్లా హంతకుడు దొరికిపోతాడు. పాత కేసును తిరగదోడే నవల రాయదలచినవారికి వేపేరి హత్యలో కావలసినవన్నీ ఉన్నాయి: పగబట్టినవాళ్ళు చాలామంది, పట్టపగటి వీధి, ఎదురు తిరిగిన తీర్పులు. అయితే అలాంటి నవల నిజాయితీగా ఉండాలంటే కథ భాగవతార్ దగ్గర కాక, రిక్షాలో కూర్చున్న మనిషి దగ్గర మొదలవ్వాలి. ఆ వారంలో ఆయన ఎవరి గురించి రాయబోతున్నాడో ముందుగా వెతకాలి.