హాప్‌స్లామ్‌ల పస తగ్గిందా, తాగెటోళ్ల నాలుక మారిందా?

జనవరి వచ్చిందంటె అమెరికాల బీరు ప్రియుల నడుమ ఒకటే లొల్లి. హాప్‌స్లామ్ మునుపటి లెక్క లేదని ఒకలు, అది గట్లనే ఉన్నది, నీ నాలుకే మొద్దువడ్డదని ఇంకొకలు. హాప్‌స్లామ్ అంటె మిషిగన్ రాష్ట్రంల బెల్స్ బ్రూవరీ ఏడాదికి ఒక్కపారి తయారుజేసే డబుల్ ఐపీఏ. నడి చలికాలంల దుకాణాలకు దిగుతది, కొన్ని వారాలల్ల ఖతమైతది. నేను మిషిగన్‌ల ఉన్న నాలుగు చలికాలాలు గీ లొల్లిని దగ్గరుండి సూసిన, తాగి సూసిన.

మనకెందుకీ ముచ్చట అంటరేమొ. ఎమ్మెస్ సదువుకు పోయిన మనోళ్లు డెట్రాయిట్ చుట్టుపక్కల ఊర్లల్ల మస్తుమంది ఉన్నరు. హైదరాబాద్‌ల బీరు అక్కడికక్కడ తయారుజేసే హోటళ్లు వచ్చినంక ఐపీఏ అన్న మాట మన పోరగాండ్లకు సుత ఎరుకైంది. ఇంకో సంగతి, కాలానికి ఒక్కపారి దొరికే తాగుడు మీద పంచాది మనకు కొత్తది కాదు. పోద్దాడు కల్లు బాగుంటదా, పండుదాడు కల్లు బాగుంటదా, అప్పటి రుచి ఇప్పుడెందుకు లేదు అని తాటివనంల కూసున్న పెద్దమనుషులు అననిది ఎన్నడు?

ముందుగాల పేరు సంగతి. ఐపీఏ అంటె ఇండియా పేల్ ఏల్. పేర్ల ఇండియా ఉన్నది గాని పుట్టింది ఇంగ్లండ్‌ల. లండన్ పక్కన బౌ అనే తావున జార్జ్ హాడ్జ్‌సన్ అనేటాయన బీరు బట్టీ ఉండె. ఈస్టిండియా కంపెనీ పడవల కప్తాన్లు ఆయన కాడ పీపాలు కొనుక్కొని కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవులల్ల అమ్ముకునేటోళ్లు. ఆఫ్రికా కొస సుట్టు తిరిగి నెలల తరబడి సముద్రం మీద, భూమధ్యరేఖ రెండుపార్లు దాటి రావాలె. హాప్స్ ఎక్కువేసిన బీరు ఆ ప్రయాణానికి తట్టుకునేది. ఇండియా కోసమే ఎవరో కొత్తగ కనిపెట్టిన్రని చెప్పే కథ మాత్రం నమ్మకున్రి. హాప్స్ దట్టంగ ఏసి నిలువ పెట్టే బీర్లు ఇంగ్లండ్‌ల అంతకుముందే ఉండె. 1820ల నుంచి బర్టన్ పట్నం కంపెనీలు ఈ యాపారంల దిగి హాడ్జ్‌సన్‌ను ఎనుకకు నూకినయి. వాళ్ల నీళ్లల్ల జిప్సం ఎక్కువ, దాంతోని చేదు సాఫుగ తేలేది. అంటె మద్రాసుల దొరలు తాగిన బీరు పేరు అమెరికాల బతికింది. మన తాతలకు దాని వాసన సుత తెల్వది.

హాప్స్ అంటె ఒక తీగె పువ్వు. పందిరి మీద పదిహేను, ఇరువై అడుగుల ఎత్తు పాకుతది. గంజాయి కుటుంబపుదే గాని ఆ మత్తు దీంట్ల ఉండది. ఆడ మొక్కకు కాసే పచ్చటి గుత్తులే కావాలె. వాటి రేకుల నడుమ పసుప్పచ్చ పొడి ఉంటది, దాన్ని లుపులిన్ అంటరు. చేదు, వాసన రెండూ అందులనే. ఎండకాలంల పగలు బాగ పొడుగుండాలె, చలికాలం గట్టిగ పడాలె, గప్పుడే ఈ తీగె మంచిగ కాస్తది. అందుకే మన తావుల పెరగది, మన దేశంల హిమాచల్‌లోని లాహౌల్ లోయల కొంత పండిస్తరు. అమెరికాల ఎక్కువ పంట వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయది. ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబర్ దాక కోత.

ఈ పువ్వును ఎప్పుడు ఏస్తరన్నదాని మీదనే కథంత ఉన్నది. మరిగే రసంల ముందుగాల ఏస్తె అందులున్న ఆల్ఫా ఆమ్లాలు మారి చేదు దిగుతది, గాని వాసన నూనెలు ఆవిరైపోతయి. ఆఖర్ల ఏస్తె వాసన మిగులుతది, చేదు తక్కువ దిగుతది. బీరు పులిసినంక సల్లగ ఉన్నదాంట్ల ఏసి నానబెడితె దాన్ని డ్రై హాపింగ్ అంటరు. వట్టి వాసన కోసమే ఈ పని. చారుల తాలింపు ముందేస్తె ఒక తీరు, దించినంక ఏస్తె ఇంకో తీరు, ఇదీ అంతే.

డబుల్ ఐపీఏ ముచ్చట 1994 నుంచి చెప్పుకుంటరు. కాలిఫోర్నియాల బ్లైండ్ పిగ్ అనే చిన్న బ్రూవరీల విన్నీ సిలర్జో మొదటి బీరు చేసెటప్పుడు సామాన్లు పాతయి, ఏమన్న పాడు వాసన వస్తే కప్పిపెట్టాలని హాప్స్ రెండింతలు ఏసిండు. ఆయనే తర్వాత రష్యన్ రివర్ బ్రూవరీల 8 శాతం మత్తున్న ప్లైనీ ద ఎల్డర్ తెచ్చిండు. దాని తమ్ముడు ప్లైనీ ద యంగర్ 2005ల వచ్చింది. ఏడాదికి ఒక్కపారి, ఫిబ్రవరి దాకనో మార్చి దాకనో ఆగితె గాని దొరకది. దాని కోసం గంటల తరబడి లైన్ల నిలవడేటోళ్లున్నరు.

మిషిగన్ దిక్కు హాప్‌స్లామ్‌ది గసొంటి పేరే. దాని ఎనుకున్న కంపెనీని 1985ల లారీ బెల్ కలమజూ పట్నంల మొదలువెట్టిండు. మొదటి సామాను 15 గ్యాలన్ల పులుసు గిన్నె, మన లెక్కల 57 లీటర్ల దాపు. పెండ్లిల సాంబారు గంగాళం కంటె చిన్నది. ఆ గిన్నె నుంచి దేశంల పేరున్న బ్రూవరీ దాక ఎదిగింది. హాప్‌స్లామ్‌ల మత్తు 10 శాతం. ఆరు రకాల హాప్స్ ఏస్తరు, ఆఖర్ల సిమ్కో రకంతోని డ్రై హాపింగ్ చేస్తరు, తేనె కలుపుతరు. తేనె ఉన్నదంటె తియ్యగ ఉంటదనుకోవద్దు. తేనెలోని చక్కెర దాదాపు అంత పులిసి మత్తుగ మారుతది. మిగిలేది పల్చటి వాసన, నోట్ల తేలికదనం. 10 శాతం బీరు బెల్లం పాకం లెక్క మందంగ తగలకుండ ఆ తేనె కాపాడుతది.

10 శాతం అంటె అల్కగ తీసుకోకున్రి. 355 మిల్లీలీటర్ల చిన్న డబ్బాల 35 మిల్లీలీటర్లకు పైన అసలు మత్తు పదార్థం. మన దగ్గరి 5 శాతం బీరు పెద్ద సీస, 650 మిల్లీలీటర్లది, మొత్తం తాగినా 32 దాటి అర మాత్రమే. చిన్న డబ్బ అని రెండు ఏసి బండి తీసినోని గతి ఏమైతదో చెప్పాల్నా? ఇరువై ఒక్కేండ్లు నిండనోళ్లకు గీ ముచ్చట తెలివికే, తాగనీకె కాదు. అక్కడ చట్టం గంతే, తెలంగాణల సుత గంతే.

ఇగ అసలు పంచాది. పస తగ్గిందనెటోళ్ల మొదటి మాట, కంపెనీ చేతులు మారిందని. 2021ల లారీ బెల్ తప్పుకుండు. కంపెనీని లయన్‌కు అమ్మిండు. జపాన్‌ల కిరిన్ కంపెనీ కిందిది ఈ లయన్, న్యూ బెల్జియం బ్రూవరీని 2019లనే కొన్నది. ఊరి హోటలు పట్నం సేటు కొనంగనె ఇడ్లీ సుత మారినట్టే అనిపిస్తది. గాని ఇందుల ఒక చిక్కున్నది. రుచి తగ్గిందన్న మాట కంపెనీ అమ్మకముందు నుంచే నడుస్తున్నది. ఓనరు మారుడు ఒక్కటే కారణమైతె గా ముందటి ఏండ్ల గొణుగుడు లెక్కకు రాదు. ఓనరు మీద కోపం బీరు మీద పోస్తున్నరని నాకనిపిస్తది.

రెండోది పంట. ఇది నేను నమ్మే కారణం. మిరప ఒక్కటే రకమైనా ఒక ఏడు ఘాటు, ఒక ఏడు రంగు తప్ప ఘాటుండది. వరంగల్ మార్కెట్ల మిరప బస్తాలు మోసినోన్ని అడుగున్రి. హాప్స్ సుత అంతే. సిమ్కో పేరు ఒక్కటే అయినా ఆ ఏటి ఎండ, కోసిన రోజు, ఎండబెట్టిన తీరును బట్టి నూనెలు మారుతయి. జర ఆలస్యంగ కోస్తె ఉల్లిగడ్డ వాసన దిక్కు పోతది. అందుకే పెద్ద బ్రూవరీలోళ్లు కోతల కాలంల యాకిమాకు పోయి చేతుల నలిపి వాసన సూసి ఏరుకుంటరు. ఏడాదికి ఒక్కపారి వచ్చే బీరుకు ఆ ఏటి పంట రాతే రాత.

మూడోది తాజాదనం. మనోళ్లకు జెప్పాల్సిన పని లేదు, పొద్దుగాల దించిన కల్లు పగటీలికి ఏమైతదో ఎరుకే. ఐపీఏల మార్పు అంత జల్ది రాదు, వారాల లెక్కల వస్తది, గాని వస్తది. డబ్బాల మిగిలిన కొంచెం గాలి, దుకాణం ఉడుకు కలిసి ముందుగాల వాసనను తింటయి. నారింజ తొక్క, దేవదారు జిగురు వాసన పోయి, తడిసిన అట్టపెట్టె లెక్క, మాడిన చక్కెర లెక్క మిగులుతది. 10 శాతం మత్తును కప్పి ఉంచేది ఆ హాప్స్ వాసనే. అది పోతె గొంతుల మంట ముందుకొస్తది. హాప్‌స్లామ్ దొరికే ఒకప్పటి కాలంల వచ్చిన రోజే ఎగబడి కొనేటోళ్లు, వారంల తాగేటోళ్లు. ఇప్పుడు దుకాణంల మూలకు కూసుంటది, నెలలు దాటినంక ఎవరో కొని బాగలేదంటరు. నేను సుత మార్చి ఆఖర్ల అరమీది నుంచి తీసినది, జనవరిల సల్లటి పెట్టెల నుంచి తీసినది రెండూ తాగిన. పేరు ఒక్కటే, సరుకు రెండు.

ఇగ నాలుక ముచ్చట. రష్యన్ రివరోళ్లు దీనికి ఎగతాళిగ ఒక పేరు పెట్టిన్రు, లుపులిన్ త్రెషోల్డ్ షిఫ్ట్ అని. ఒకప్పుడు దిమ్మ తిరిగేటంత చేదనిపించిన డబుల్ ఐపీఏ అలవాటైనంక మామూలుగ అనిపించుడే దానర్థం. పచ్చళ్లు తిని పెరిగినోనికి హోటల్ల కారం సప్పగనే ఉంటది. మీదికెల్లి రుచి ఫ్యాషన్ సుత మారింది. వెర్మాంట్ రాష్ట్రంల హెడీ టాపర్ తొవ్వ సూపినంక మడ్డిమడ్డిగ, చేదు తక్కువ, మామిడి రసం లెక్క వాసనొచ్చే ఐపీఏలు దేశమంత కమ్మినయి. వాటికి అలవాటైన పిల్లలకు హాప్‌స్లామ్‌ల దేవదారు జిగురు చేదు పాత పాట లెక్క తోస్తది. దేశంల ఇప్పుడు తొమ్మిది వేలకు పైన బ్రూవరీలున్నయి, ఏ ఊర్ల జూసినా నాలుగు డబుల్ ఐపీఏలు దొరుకుతయి. ఆఖరికి ఇంటోడే పోటీకొచ్చిండు. బెల్స్ వాళ్ల టూ హార్టెడ్, 7 శాతంది, ఏడాదంత దొరికేది. 2017ల అమెరికా ఇంటి బ్రూవర్ల ఓటింగ్‌ల ప్లైనీ ద ఎల్డర్‌ను దాటి మొదటి తావుకెక్కింది. దినాం దొరికే అన్నమే పండుగ బువ్వ కంటె బాగుందంటె పండుగకు ఎవరు ఎదురుసూస్తరు?

పాత సీస దాసి కొత్తదాని పక్కన పెట్టి సూస్తె తేలదా అని ఒక దోస్తు అడిగిండు. తేలదు. దాసిన సీసల బీరు అప్పటి బీరు కాదు, ముసలిదైన బీరు. నాలుగేండ్ల కింది హాప్‌స్లామ్ ఇప్పుడు ఎవరి యాదిల తప్ప ఎక్కడ లేదు. యాది అన్నది మంచిదాన్నే నిలువ పెట్టుకుంటది. తేల్చుకునేదొక్కటే, ఇప్పటి హాప్‌స్లామ్ ఇప్పటి వేరే డబుల్ ఐపీఏల ముందట నిలుస్తదా లేదా. దానికి మూడు గిలాసల పరీక్ష మంచిది. రెండిట్ల ఒకటే బీరు, మూడోదాంట్ల వేరేది, పేర్లు దాసిపెట్టి, తేడాది ఏదో పట్టుమనాలె. గొప్పలు జెప్పేటోళ్లల్ల సగం మంది ఇక్కడనే జారుతరు.

నా లెక్క అడిగితె, నెలలోపుది, సల్లగ నిలువ ఉంచినది దొరికితె హాప్‌స్లామ్ ఇప్పటికి మంచి సరుకే. తేనె, చేదు, మత్తు మూడూ ఒకదాన్నొకటి మింగకుండ నిలవెట్టుడు అల్కటి పని కాదు. గాని మామూలు ఐపీఏ కంటె ఎక్కువ ధర పెట్టి, పాత పేరు సూసి ఆరు డబ్బాల కట్ట కొనాలంటె నా చెయ్యి ముందుకు పోదు. ఒక్క గిలాస పోసే తావు ఉంటె ఆడ తాగుత. కొనేటోళ్లు మాత్రం డబ్బ మీద తేదీ సూడున్రి. తేదీ కానరాకుంటె అరమీదనే పెట్టి రండ్రి.