బొమ్మ అందినా మాట అందక

తుపానుల ఉపగ్రహ చిత్రాల్లో అందరూ ముందుగా చెప్పుకునేది టిప్. 1979 అక్టోబరు 12న పశ్చిమ పసిఫిక్‌లో దాని కేంద్రంలో పీడనం 870 మిల్లీబార్లకు పడిపోయింది. సముద్రమట్టం దగ్గర ఇంతకంటే తక్కువ పీడనం ఏ తుపానులోనూ నమోదు కాలేదు. దాని గాలులు అడ్డంగా 2,200 కిలోమీటర్ల మేర చుట్టుకున్నాయి. కన్యాకుమారి నుంచి ఢిల్లీకి ఇంచుమించు అంత దూరం. అంతటి తుపాను పొట్టన పెట్టుకున్నది వందమందిని మించదు. దానికి తొమ్మిదేళ్ల ముందు, 1970 నవంబరు 12 రాత్రి, నాటి తూర్పు పాకిస్తాన్‌లోని భోలా దీవిని ముంచిన తుపాను బలంలో టిప్‌కు ఏ మాత్రం సాటిరాదు. బలైనవాళ్లు మాత్రం మూడు లక్షలకు తక్కువ లేరని, ఐదు లక్షల దాకా ఉండొచ్చని అంచనా. బొమ్మ చూసి బీభత్సాన్ని కొలవబోతే లెక్క ఇలా తలకిందులవుతుంది. పైనుంచి కెమెరాకు కనబడేది మేఘం, ప్రాణాలు తీసేది నీరు. ఉత్తరాన బంగాళాఖాతం గరాటులా ఇరుకై, లోతు తగ్గి, గాలి నెట్టుకొచ్చిన నీటిని ఉప్పెనగా ఎత్తి ఒడ్డున పోస్తుంది.

అలాగని ఈ చిత్రాలు వట్టి చూడముచ్చటే అనేవాళ్లతో ఏకీభవించలేం. తొలి వాతావరణ ఉపగ్రహం టైరోస్-1ను అమెరికా 1960 ఏప్రిల్ 1న ప్రయోగించింది. పదో తేదీకల్లా అది ఆస్ట్రేలియాకు తూర్పున సముద్రం మీదున్న తుపానును ఫొటో తీసింది. మరుసటి ఏడాది అట్లాంటిక్‌లో ఎస్తర్ తుపానును మొదట పసిగట్టింది టైరోస్-3. 1970ల్లో వెర్నన్ డ్వొరాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆ బొమ్మనే కొలబద్దగా మార్చాడు. మేఘపట్టీ కేంద్రం చుట్టూ ఎన్నో వంతు తిరిగిందో, చుట్టూ ఉన్న మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉందో, నడుమ కన్ను వాటికంటే ఎంత వెచ్చగా ఉందో చూసి 1 నుంచి 8 వరకు ఒక అంకె వేస్తారు. గాలి వేగం అంచనా ఆ అంకె నుంచే వస్తుంది. అట్లాంటిక్‌లో విమానాలు తుపాను కంట్లోకే దూరి పీడనం కొలిచి వస్తాయి. బంగాళాఖాతంలో అటువంటి ఏర్పాటు నిత్యం ఉన్నది కాదు. నడిసముద్రంలో ఉన్న తుపానును ‘అతి తీవ్రం’ అని రేడియో చెప్పిందంటే, ఆ మాట వెనుక ఉన్నది చాలావరకు బొమ్మకు పడిన ఆ మార్కే.

మరి భోలా తుపానును ఉపగ్రహం చూడలేదా అంటే, చూసింది. అప్పటికి తిరుగుతున్న అమెరికా ఉపగ్రహాలు దాన్ని ఫొటో తీశాయి. హెచ్చరికలూ వెళ్లాయి. తర్వాత జరిపిన పరిశీలనలో తేలిందేమిటంటే, తుపాను వస్తోందని అక్కడ దాదాపు అందరికీ తెలుసు, గట్టి కట్టడాల్లోకి చేరినవాళ్లు మాత్రం నూటికి ఒక్కరు. ఎంత నీరు వస్తుందో, ఎక్కడికి పోవాలో చెప్పని హెచ్చరిక అది. 1977 నవంబరు 19న కృష్ణా తీరాన దివిసీమను ముంచిన తుపాను కథా దీనికి దూరం కాదు. అప్పట్లో మన సముద్రం మీద కన్నేసి ఉంచే సొంత ఉపగ్రహం లేదు. ధ్రువాల మీదుగా తిరిగే పరాయి ఉపగ్రహం ఒకే చోటును రోజుకు రెండుసార్లకు మించి చూడదు. ఆ రెంటి మధ్య తుపాను ఎటు మళ్లినా ఊహించుకోవాల్సిందే. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ల మీద ఉప్పెన పడింది. సర్కారు లెక్కలోనే మృతులు దాదాపు పదివేలు.

1983 ఆగస్టులో ఛాలెంజర్ వ్యోమనౌక మోసుకెళ్లిన మన ఇన్సాట్-1బి ఈ తీరు మార్చింది. భూమధ్యరేఖపైన ఒకేచోట నిలబడి, అది తుపాను కదలికను గంటల తరబడి చూపించింది. అందరూ మెచ్చుకునేది ఆ కెమెరాను. నా లెక్కలో అంతకంటే పెద్ద మేలు చేసింది అదే ఉపగ్రహంలోని ప్రసార యంత్రం. 1980ల్లో ఆంధ్ర, ఉత్తర తమిళనాడు తీర ప్రాంతాల్లో పెట్టిన రిసీవర్లకు మద్రాసు వాతావరణ కేంద్రం నుంచి ఇన్సాట్ ద్వారా నేరుగా హెచ్చరిక వచ్చేది. ఏ జిల్లాకు చెప్పాలో ఆ జిల్లా పెట్టెలే మోగేవి. ముందు సైరన్, తర్వాత తెలుగులో మాట. టెలిఫోను స్తంభాలు కూలినా దానికి అడ్డం లేదు. 1990 మే 9న బలంలో 1977 నాటి తుపానుకు తీసిపోనిదొకటి అదే కృష్ణా తీరాన్ని తాకింది. లక్షన్నరమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యిలోపు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది: ప్రాణాలు కాపాడింది ఉపగ్రహం కాదు, దివిసీమ తర్వాత కట్టిన తుపాను షెల్టర్లు, వేసిన రోడ్లు. నిజం ఇందులో చాలానే ఉంది. 1999 అక్టోబరులో ఒడిశా మీదకొచ్చిన పెను తుపానును ఇన్సాట్ రోజుల తరబడి చూస్తూనే ఉంది. అక్కడ షెల్టర్లు కొద్దిపాటివే. అధికారికంగానే పదివేలకు దగ్గరగా చనిపోయారు. అయితే షెల్టరు ఉన్నంత మాత్రాన జనం కదలరు. పశువుల్ని, ఇంటిని వదిలి రమ్మంటే, ఎటు వస్తోందో, ఎప్పుడు వస్తోందో నమ్మకంగా చెప్పాలి. రెండుసార్లు తప్పు చెబితే మూడోసారి వినరు. 2013లో ఫైలిన్‌కు ముందు ఒడిశాలో పది లక్షలమంది దాకా తరలారంటే ఆ నమ్మకం, ఆ కట్టడాలు రెండూ కలిసొచ్చినందుకే. మృతుల సంఖ్య యాభై లోపే ఆగింది. ఆ మరుసటి ఏడాది హుద్‌హుద్ విశాఖ మీదకు వచ్చిననాడు ఊళ్లోని డాప్లర్ రాడార్ గాలికి దెబ్బతిని ఆగిపోయింది. ఆ తర్వాత తుపానును చూడటానికి మిగిలింది ప్రధానంగా ఉపగ్రహమే.

నేల మీద ఇంతగా కుదిరిన ఈ ఏర్పాటు నీటి మీద కుదరలేదు. 1996 నవంబరులో కోనసీమను ఊడ్చేసిన తుపాను పరిమాణంలో చిన్నది. అయినా వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. 2017 నవంబరు చివర్లో ఓఖీ కన్యాకుమారి దగ్గర చూస్తుండగానే బలపడింది. అప్పటికే పడవలు సెల్‌ఫోను సిగ్నలు అందని దూరంలో ఉన్నాయి. ఉపగ్రహం తుపానును చూసింది, తీరం వాళ్లకు విషయం తెలిసింది, లోపల ఉన్నవాళ్లకు చెప్పే దారే లేదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2019లో జెమినీ అనే చిన్న పెట్టెను తెచ్చింది ఈ లోటు పూడ్చడానికే. ఉపగ్రహం నుంచి వచ్చిన హెచ్చరికను అది పడవలోని ఫోనుకు చేరవేస్తుంది. ఆపదలో ఉన్న పడవ నుంచి ఒడ్డుకు కబురు పంపే వీలు మాత్రం ఆ పెట్టెలో లేదు.