కొండకు మోసుకెళ్లే సంచి

వేసవి సెలవుల్లో మనాలీ వైపు ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లున్న ఇల్లు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మంచం నిండా బట్టలు, ఉన్ని టోపీలు, టార్చిలైట్లు, సగం ఆరిన మేజోళ్లు. క్యాంపు వాళ్లు పంపిన జాబితా పట్టుకుని ఒక్కోదానికీ టిక్కు పెట్టేది ఇంటావిడ. నడిచేది వాళ్లు, సర్దేది మనం! ఈ ఏడాది మా ఇంట్లోంచి ముగ్గురు వెళ్తున్నారు. మూడు సంచులూ నేనే సర్దాను. సర్దుతుంటే ఒక ఆలోచన వచ్చింది. కొండలెక్కిన ఆడవాళ్లు తమ కోసం తాము సంచి సర్దుకున్నప్పుడు అందులో ఏం పెట్టుకున్నారు? వెతికి చదివితే భలే సంగతులు దొరికాయి.

ఆన్రియెట్ డాంజవిల్ అని ఒక ఫ్రెంచి జమీందారీ కుటుంబపు ఆవిడ. 1838 సెప్టెంబరులో, 44 ఏళ్ల వయసులో, ఆల్ప్స్ పర్వతాల్లోని మోబ్లా శిఖరం ఎక్కింది. అంతకు ముప్ఫై ఏళ్ల ముందే మరీ పరాడీ అనే పనిపిల్ల ఆ శిఖరం చేరింది కానీ, చివర్లో ఆమెను మగవాళ్లు దాదాపు మోసుకునే వెళ్లారట. ఆన్రియెట్ తన కాళ్లతో తను ఎక్కింది. బయలుదేరే ముందు వీలునామా కూడా రాసిపెట్టింది. ఇక సామాను సంగతి. 24 కాల్చిన కోళ్లు, రెండు గొర్రె తొడలు, 18 సీసాల మంచి ద్రాక్షసారా, అది చాలదన్నట్టు మామూలు సారా పీపా ఒకటి. ఫ్లానెల్ లోపలి గుడ్డ వేసి కుట్టించిన ప్యాంటు, ఉన్ని, బొచ్చు, ఇంకా ఎన్నో. ఆ రోజుల్లో ఆడవాళ్లు ప్యాంటు తొడగడమే పెద్ద తెగింపు. ఇదంతా మోయడానికి, దారి చూపడానికి పన్నెండు మంది మగవాళ్లు. మోసేవాళ్లుంటే బరువు లెక్కేముంది చెప్పండి, మన పెళ్లివిడిదికి పంపినట్టు పంపొచ్చు.

జపాన్ ఆవిడ జున్కో తాబేయ్‌కి ఆ వైభోగం లేదు. 1975 మే 16న ఎవరెస్టు ఎక్కిన మొదటి మహిళ ఈమే. డబ్బు సాయం అడగడానికి వెళ్తే, ఇంట్లో కూర్చుని పిల్లల్ని పెంచుకోక ఇవన్నీ మీకెందుకు అన్నారట. అప్పటికి ఆమెకు చిన్న పాప. పియానో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టింది. ఆ జట్టులో ఆడవాళ్లు పదిహేను మంది. కారు సీట్ల కవర్లు కత్తిరించి చేతి తొడుగులు కుట్టుకున్నారు. చైనా నుంచి బాతు జాతి ఈకలు తెప్పించుకుని పడుకునే సంచులు తయారు చేసుకున్నారు. వాళ్లలో టీచర్లు ఉన్నారు కదా, పిల్లలు బడిలో తినకుండా మిగిల్చిన జామ్ పొట్లాలు దాచి తెచ్చి ఇచ్చారట. పొదుపు మనకు ఎవరూ నేర్పక్కర్లేదు!

నాకు మాత్రం అందరికంటే నచ్చింది అమెరికాలోని ఎమ్మా గేట్‌వుడ్. ఒహాయో రాష్ట్రంలో పొలం పనులు చేసుకునే పల్లెటూరి మనిషి. 1907లో 19 ఏళ్లకు పెళ్లయింది. పదకొండు మంది పిల్లలు. భర్త కొట్టేవాడు, మామూలుగా కాదు, పళ్లు ఊడేలా, పక్కటెముకలు విరిగేలా. ఒకసారి అలా కొట్టాక పోలీసులు వచ్చి ఆమెనే తీసుకెళ్లారు. ఆ మొహం చూసి ఆ ఊరి మేయరు తన ఇంట్లో ఉంచుకున్నాడు. దెబ్బలు తప్పించుకోవడానికి ఆవిడ అడవిలోకి పోయి కూర్చునేదట. ముప్ఫై ఏళ్లు దాటాక, 1941లో, విడాకులు తీసుకుంది.

పిల్లలందరూ పెద్దవాళ్లయ్యాక ఒక పాత పత్రికలో అపలాచియన్ కాలిబాట గురించి చదివింది. జార్జియా నుంచి మెయిన్ దాకా, 14 రాష్ట్రాల కొండల మీదుగా, అప్పట్లో సుమారు 3,300 కిలోమీటర్ల బాట అది. 1954లో ఒకసారి మొదలుపెట్టి దారి తప్పింది, కళ్లద్దాలు విరిగాయి, అటవీ శాఖ వాళ్లు ఇంటికి పొమ్మన్నారు. మరుసటి ఏడాది మే నెలలో మళ్లీ బయలుదేరింది. ఈసారి జార్జియా వైపు నుంచి. వయసు 67. పిల్లలకు చెప్పింది ఒక్కటే, అలా నడిచి వస్తానని. ఎక్కడికి, ఎంత దూరం అన్నది చెప్పలేదు. చెబితే వద్దంటారుగా!

ఆవిడ సంచి జీన్స్ గుడ్డతో తనే కుట్టుకున్నది. తాడు లాగి మూతి బిగించి భుజాన వేసుకోవడమే. అందులో ఒక సైనిక దుప్పటి, వానకోటు, స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర. గుడారం లేదు, వానొస్తే ఆ తెరే. బ్యాండెయిడ్లు, అయోడిన్, విక్స్, జడ పిన్నులు, చాకు. తినడానికి వేరుశనగలు, ఎండుద్రాక్ష, పాలపొడి, డబ్బా సాసేజీలు. దారిలో ఎవరైనా ఇంటికి పిలిస్తే తొడుక్కోవడానికి ఒక మంచి గౌను కూడా! కాళ్లకు మామూలు కాన్వాసు బూట్లు. చలి ఎక్కువైన రాత్రి రాళ్లు కాల్చి వాటి మీద పడుకునేదట. మొత్తం బరువు తొమ్మిది కిలోలు దాటలేదంటారు. మా పెద్దాడి సంచి నిన్న తూచితే పదకొండు ఉంది, వాడు వెళ్లేది ఎనిమిది రోజులకి.

ఆ జాబితాలో మరొకరి కోసం పెట్టింది ఒక్కటీ లేదు, గమనించారా? పిల్లవాడికి తడిస్తే అని ఇంకో జత, ఆయనకు పడదేమో అని ఇంకో మందు, అలాంటివేమీ లేవు. నలభై ఏళ్లు ఇంటిల్లిపాదికీ వండి, కుట్టి, సర్దిన మనిషి. నాకు ఆ చిన్న సంచి చూస్తే ముచ్చటేసింది, కొంచెం అసూయ కూడా.

నడుస్తుంటే పత్రికలవాళ్లకు తెలిసిపోయింది. కుటుంబం గురించి అడిగితే నాకు భర్త లేడు, పోయాడు అని చెప్పేసింది. అతను నిక్షేపంగా బతికే ఉన్నాడు! ఆగస్టులో రెండు తుపానుల వానలు మీద పడ్డాయి. అయినా నడిచి, 146 రోజులకు, సెప్టెంబరు 25న మెయిన్‌లోని కటాడిన్ శిఖరం చేరింది. ఆ బాటను ఒకే ఏడాదిలో మొదటి నుంచి చివరిదాకా ఒంటరిగా నడిచిన మొదటి స్త్రీ ఆవిడే. 1957లో మొత్తం బాట మరోసారి నడిచింది. విడతల వారీగా మూడోసారి పూర్తి చేసేసరికి 1964 వచ్చింది.