ఇనాం గ్రామాలు: ఋజువు భారం ఎవరిది?

భూవివాదాలలో పరస్పర విరుద్ధమైన తీర్పులు వచ్చినప్పుడు న్యాయాధిపతుల అభిప్రాయభేదమే దానికి కారణమని అనుకోవడం పరిపాటి. కోస్తా జిల్లాల ఇనాం గ్రామాల చరిత్రను పరిశీలిస్తే నాకు మరొక కారణం కనిపిస్తున్నది. అక్కడ అసలు పోరాటం సాక్ష్యం మీద కాదు; సాక్ష్యం లేనప్పుడు ఎవరి మాట నిలవాలన్నదాని మీద.

1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం జమీందారీ రైతు సాగుహక్కును గుర్తించింది. ఇనాం గ్రామాలకు మాత్రం ఒక మెలిక పెట్టింది. ఇనాందారుకు దక్కినది మేలువారం, అనగా ప్రభుత్వానికి రావలసిన శిస్తు మాత్రమే అయితే ఆ గ్రామం ఎస్టేటు. అక్కడ రైతు హక్కుదారు, అతని వ్యాజ్యం రెవెన్యూ కోర్టుది. కుడివారం, అనగా సాగుహక్కు కూడా ఇనాందారుదే అయితే అది ఎస్టేటు కాదు; రైతు వట్టి కౌలుదారు, వ్యాజ్యం సివిల్ కోర్టుది. ఈ విధంగా ఒకే పొలానికి రెండు కోర్టుల గుమ్మాలు ఏర్పడినవి. ఒకచోట పట్టాకు అర్హుడైనవాడు మరొకచోట పొలం ఖాళీ చేయవలసినవాడు కావచ్చును.

తరాల కిందటి దానంలో ఏమేమి చేరినవో తేల్చేదెట్లా? దానశాసనాలను పాఠం చెప్పేవాడిని కనుక ఒక మాట అనగలను. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలు వాటిలో తరచు కనిపిస్తాయి. పాతిపెట్టిన ధనానికీ, రాతికీ, నీటికీ చోటున్న ఆ పట్టికలో దున్నేవాని పేరు లేదు. ఈ మౌనాన్ని ఎవరి పక్షాన చదవాలి?

దానం శిస్తుకే పరిమితమని ముందుగా భావించి, కాదనేవాడే ఋజువు చేయాలని మద్రాసు హైకోర్టు పలు తీర్పులలో అన్నది. 1918లో ప్రివీ కౌన్సిలు అట్టి భావనకు ఆధారం లేదన్నది. ఏ వ్యాజ్యానికావ్యాజ్యం సాక్ష్యాన్ని బట్టి తేల్చాలట! వినడానికి ఇది నిష్పక్షపాతమే. కాని ఇనాందారు చేతిలో సనదు, లెక్కలు, ప్లీడరు ఉన్నారు. రైతు చేతిలో ఉన్నది నాగలి. అసమానుల నడుమ తటస్థత బలవంతునికే తోడ్పడుతుంది.

ఈ చిక్కును విప్పినది మరొక తీర్పు కాదు. 1936 సవరణ ఇనాం గ్రామాలను ఎస్టేట్ల నిర్వచనంలో చేర్చి, విరుద్ధంగా ఋజువయ్యేవరకు అవి ఎస్టేట్లేనని భావించమన్నది. భారం రైతు భుజం నుంచి దిగింది. భూమికి స్వామి రైతేనని 1938లో ప్రకాశం సంఘం నివేదించింది. దాని వెనుక రైతు ఉద్యమాల ఒత్తిడి ఉన్నదని మరువరాదు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం, 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చినవి.

అయినా రెండు గుమ్మాల సమస్య పోలేదు. 1956 చట్టం క్రింద తహసీలుదారు తేల్చవలసిన హక్కును సివిల్ కోర్టు తిరిగి విచారించవచ్చునా అన్న ప్రశ్న, గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు పంచాయితీ చెరువు వ్యాజ్యంగా సుప్రీంకోర్టు దాకా పోయింది. విచారించరాదని 1991లో తీర్పు వచ్చింది. చట్టానికీ ఆ తీర్పుకూ నడుమ ముప్పయి అయిదేండ్లు!

కనుక ఒక గుమ్మం మూసినంత మాత్రాన వివాదం తీరినట్లు కాదు. తెరచి ఉంచిన గుమ్మంలో ఋజువు భారాన్ని ఎవరిపై మోపుతున్నారో చూడాలి. భూసంస్కరణను కొలవడానికి నాకు తోచిన కొలబద్ద ఇదే.