ముందు రోడ్డు, తరువాతే బండి



పోయిన నెల కార్యక్రమం ముగిసే వేళకి ఒకాయన ఫోన్ చేశారు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. వయసు 49. అబ్బాయి కాలేజీకి వెళ్ళిపోయాడు, గరాజ్‌లో ఒక కారు చోటు ఖాళీ అయింది. "విజయవాడలో నా యెజ్డీ అమ్మేసి ఆ డబ్బుల్తో సూట్‌కేసులు కొనుక్కుని విమానం ఎక్కానండీ. పాతికేళ్ళయింది. ఇప్పుడు మళ్ళీ ఒక బండి కొని మా ఆవిడతో దూరాలు తిరగాలని ఉంది. షోరూముకి వెళితే స్పోర్ట్ టూరింగా, అడ్వెంచర్ టూరింగా అని అడుగుతున్నారు. మీరేమంటారు?" అని అడిగారు. అప్పటికే టైమైపోయింది, వచ్చే నెల చెబుతానన్నాను. ఆ బాకీ ఇవాళ తీర్చుకుంటాను.

బండ్ల సంగతి తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. స్పోర్ట్ టూరింగ్ బండి నేలకి కాస్త దగ్గరగా ఉంటుంది. నడిపే మనిషి కొంచెం ముందుకు వంగి కూర్చుంటాడు. ముందు గాలిని చీల్చే పెద్ద ఫెయిరింగు, వెనక రెండు పక్కలా సామాను పెట్టెలు. తారురోడ్డు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలుపు లేకుండా పరుగెత్తడానికి పుట్టింది. అడ్వెంచర్ టూరింగ్ బండి ఎత్తుగా ఉంటుంది. నిటారుగా, గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చోవాలి. ముందు చక్రం పెద్దది, హేండిల్ వెడల్పు, గుంటల్లో పడ్డా చక్రం పైకీ కిందకీ ఆడే చోటు ఎక్కువ. కంకరైనా మట్టైనా పోతానంటుంది. ఈ తేడాలన్నీ ఎవరో బల్ల దగ్గర కూర్చుని కల్పించినవి కావు, రోడ్లు నేర్పినవి. అందుకని కథ రోడ్లతోనే మొదలుపెట్టాలి.

1903లో జార్జ్ వైమన్ అనే ఆయన శాన్ ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కి మోటారు సైకిల్ మీద బయల్దేరాడు. మోటారు సైకిల్ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. అది ఇంజను తగిలించిన సైకిలు, దాని శక్తి ఒకటింపావు హార్స్‌పవర్. పడమటి వైపు రోడ్డనేదే లేదు. చాలా దూరం రైలు పట్టాల మధ్య, చెక్క స్లీపర్ల మీద ఎగిరెగిరి పడుతూ నడిపాడు. దారిలో ఇంజను భాగాలు విరిగాయి. ఆల్బనీ దగ్గర ఇంజను పూర్తిగా చేతులెత్తేస్తే చివరి నూటేభై మైళ్ళూ పెడళ్ళు తొక్కుకుంటూ న్యూయార్క్ చేరాడు. 50 రోజులు పట్టింది. ఇంజనున్న వాహనం మీద ఈ దేశాన్ని అడ్డంగా దాటిన మొదటి మనిషి ఆయనే, కారులో దాటినవాళ్ళు కూడా ఆయన వెనకే.

1916లో వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్ళు, అగస్టా, ఆడలీన్, చెరొక ఇండియన్ బండి మీద బ్రూక్లిన్ నుంచి కాలిఫోర్నియా వెళ్ళారు. ఇండియన్ అంటే మనది కాదు లెండి, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ కంపెనీ. యుద్ధంలో వార్తలు మోసే పనికి ఆడవాళ్ళూ పనికొస్తారని నిరూపించడం వాళ్ళ ఉద్దేశం. దారిలో పైక్స్ పీక్ కొండ కూడా ఎక్కారు. చిన్న చిన్న ఊళ్ళలో పోలీసులు వాళ్ళని పట్టుకుని ఆపారు. వేగంగా నడిపినందుకు కాదు, ప్యాంట్లు వేసుకున్నందుకు! ఇంతా చేస్తే ఆడలీన్ దరఖాస్తుని సైన్యం తిరస్కరించింది.

ఆ రోజుల్లో వీళ్ళెవరినైనా "మీది అడ్వెంచర్ బండా?" అని అడిగితే ప్రశ్నే అర్థమయ్యేది కాదు. ఊరు దాటితే మట్టే. దూరం పోవడం, సాహసం చేయడం రెండూ ఒకటే మాట.

రోడ్లు వచ్చాక అవి విడిపోయాయి. 1935లో బ్లూ రిడ్జ్ పార్క్‌వే పని మొదలైంది. 469 మైళ్ళ ఆ కొండదారి పూర్తవడానికి 1987 దాకా పట్టింది. 1956లో ఇంటర్‌స్టేట్ రహదారుల చట్టం వచ్చింది. జర్మనీలో ఆటోబాన్లు. తారు నున్నగా, తిన్నగా పరుచుకున్నాక బండికి కొత్త శత్రువు తయారైంది, అది గాలి. గంటకి 75 మైళ్ళ వేగంతో నాలుగు గంటలు రొమ్ము మీద గాలి కొడుతుంటే మెడ పట్టేస్తుంది. అందుకే 1971లో క్రెయిగ్ వెటర్ అనే ఇల్లినాయ్ ఆయన విండ్‌జామర్ అని ఏ బండికైనా తగిలించుకునే పెద్ద ఫెయిరింగు అమ్మకానికి పెట్టాడు. 1976లో బీఎండబ్ల్యూ వాళ్ళు ఇంకో అడుగు వేశారు. ఇటలీలో పినిన్‌ఫరీనా వారి గాలి సొరంగంలో పెట్టి పరీక్షించి, పూర్తి ఫెయిరింగుతోనే ఆర్ 100 ఆర్ఎస్ అనే బండి తెచ్చారు. 70 హార్స్‌పవర్. నా లెక్కలో స్పోర్ట్ టూరింగ్ అనే జాతికి తాత అదే. తరువాత 1986లో కవాసాకీ కాన్‌కోర్స్ వచ్చింది, అమెరికాలో ఇరవయ్యేళ్ళపాటు పెద్ద మార్పు లేకుండానే అమ్ముడయింది. 1990లో హోండా ఎస్‌టీ 1100 వచ్చింది. దాని పెట్రోల్ ట్యాంకు 28 లీటర్లు, అంటే మన ఊళ్ళో రెండు మోటారు సైకిళ్ళకి సరిపోయే పెట్రోలు.

ఇప్పుడు రెండో కొమ్మ సంగతి. అది ఎడారిలో మొలిచింది.

1977లో తియెరీ సబీన్ అనే ఫ్రెంచి ఆయన అబిజాన్ నుంచి నీస్‌కి జరిగే పందెంలో బండి నడుపుతూ ఎడారిలో దారి తప్పాడు. చావు అంచుదాకా వెళ్ళాక ఎవరో కాపాడారు. మనమైతే గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టి ఇంక ఆ వైపు చూడం. ఆయన మాత్రం ఇంకా పెద్ద పందెం పెట్టాడు. 1978 డిసెంబరు 26న పారిస్ నుంచి డకార్‌కి మొదటి ర్యాలీ బయల్దేరింది. మోటారు సైకిళ్ళలో నెగ్గినది ఒకే సిలిండరున్న 500 సీసీ యమహా. 1986లో ర్యాలీ జరుగుతుండగానే మాలీలో హెలికాప్టర్ కూలి సబీన్ చనిపోయాడు. ఆయన పెట్టిన పందెం మాత్రం ఆగలేదు. 2009లో దక్షిణ అమెరికాకి, 2020లో సౌదీ అరేబియాకి మారింది. గల్ఫ్‌లో ఉన్న మన శ్రోతలకి ఇది గడపలోకి వచ్చినట్టే. బెంగుళూరుకి చెందిన సీఎస్ సంతోష్ 2015లో ఆ ర్యాలీని పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యాడు.

ఆ ఎడారి మోజు కొత్తగా ఉన్న రోజుల్లోనే, 1980లో, బీఎండబ్ల్యూ ఆర్ 80 జీఎస్ తెచ్చింది. అప్పట్లో ఆ కంపెనీ మోటారు సైకిళ్ళ వ్యాపారం డల్‌గా ఉంది. చేతిలో ఉన్న ఇంజనూ, ఉన్న సామానూ కలిపి ఎక్కువ ఖర్చు లేకుండా చేసిన బండి ఇది. జీ అంటే జర్మన్ భాషలో రోడ్డు కాని నేల, ఎస్ అంటే వీధి. 797 సీసీ, 50 హార్స్‌పవర్, బరువు 190 కిలోల లోపే. 1981లో ఊబేర్ ఓరియోల్ దీని మీదే డకార్ నెగ్గాడు. హోండావాళ్ళు కూడా డకార్ గెలుపుల తరువాత 1988లో ఆఫ్రికా ట్విన్ తెచ్చారు. పందెం టీవీలో చూసినవాళ్ళకి ఆ పెద్ద ట్యాంకు, ఎత్తు సీటు కళ్ళలో నిలిచిపోయాయి.

ఇక్కడ ఒక ఆవిడ గురించి చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది. ఎల్స్‌పెత్ బేర్డ్, లండన్‌లో ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయి. 1982 నుంచి 1984 దాకా ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చింది, సుమారు 35,000 మైళ్ళు. అప్పటికి జీఎస్ మార్కెట్లో ఉంది. ఆవిడ దగ్గరున్నది మాత్రం 1974 నాటి పాత ఆర్ 60, మామూలు రోడ్డు బండి. సిడ్నీలో ఉద్యోగం చేస్తూ డబ్బు కూడబెట్టింది, సామాను పెట్టెలు అక్కడే సొంతంగా తయారు చేసుకుంది. మన దేశంలోనూ తిరిగింది. 1984లో పంజాబ్‌లో గొడవలవల్ల దారి మూసేస్తే పాకిస్తాన్‌లోకి దాటడానికి నానా తంటాలూ పడింది. ఆ బండి తన జాతి ఏమిటని అడగలేదు, ఆవిడా అడగలేదు.

ఇంకో వైపు నుంచి చూడండి. 2009లో జాన్ ర్యాన్ అనే ఆయన అలాస్కా కొసనున్న ప్రూడో బే నుంచి ఫ్లోరిడా కొసనున్న కీ వెస్ట్‌కి 5,600 మైళ్ళ పైచిలుకు దూరం ఎనభై ఆరున్నర గంటల్లో వెళ్ళాడు. మొదటి 414 మైళ్ళూ డాల్టన్ హైవే, చాలావరకు కంకరే. ఆయన బండి యమహా ఎఫ్‌జేఆర్ 1300, అసలు సిసలు స్పోర్ట్ టూరర్. మీరెవరూ అలా చెయ్యకండి, అది పిచ్చిపని. కానీ పెట్టె మీద రాసిన పేరుకి ఎంత విలువుందో దానివల్ల తెలుస్తుంది.

మరి ఈ దేశంలో అడ్వెంచర్ బండ్లకి ఇంత గిరాకీ ఎక్కణ్ణుంచి వచ్చింది? రోడ్లేమీ పాడైపోలేదు కదా! 2004లో ఇవాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ అనే ఇద్దరు నటులు లండన్ నుంచి తూర్పుగా న్యూయార్క్ దాకా వెళ్ళిన ప్రయాణం టీవీలో వచ్చింది. ముందు కేటీఎం కంపెనీని బండ్లు అడిగితే వాళ్ళు కుదరదన్నారు, బీఎండబ్ల్యూ ఇచ్చింది. కేటీఎం వాళ్ళు తరువాత ఎంత నాలిక్కరుచుకున్నారో! జీఎస్ పేరు అందరి నోళ్ళలో పడింది. 2023లో పది లక్షలవ బాక్సర్ జీఎస్ తయారైంది. అయితే ఆ కార్యక్రమం చూసినవాళ్ళు ఒక సంగతి మర్చిపోతారు. మంగోలియా బురదలో ఆ బరువు బండ్లు పదే పదే పడ్డాయి. కెమెరామన్ బండి ఫ్రేము విరిగితే, అక్కడే దొరికిన ఒక తేలికపాటి రష్యన్ బండి కొనుక్కుని దాని మీద నెట్టుకొచ్చాడు.

నేనూ ఆ టీవీ చూసిన బాపతే. 2006లో ఒక ఎత్తు బండి కొన్నాను. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. షోరూములో మునివేళ్ళు నేలకి తగిలాయి, చాలనుకున్నాను. ఆ అక్టోబరులో ఆకుల రంగులు చూద్దామని బ్లూ రిడ్జ్ వెళ్ళాం. ట్యాంకు నిండా పెట్రోలు, పెట్టెల నిండా బట్టలు, పులిహోర, వెనక మా ఆవిడ. ఒక మలుపు దగ్గర ఫొటో కోసం పక్కకి తీసి ఆపాను. కుడికాలు దించితే నేల లేదు, అటు వాలుగా ఉంది. బండి మెల్లగా, ఎవరో పడుకోబెట్టినట్టు ఒరిగింది. వేగం సున్నా. మా ఆవిడ మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. నేల విడిచి సాము చేయడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కట్టు చేత్తోనే అన్నం వడ్డిస్తుంటే మాత్రం తలెత్తి చూడలేకపోయాను. ఆ తరువాత ఆవిడ మళ్ళీ వెనక సీటు ఎక్కడానికి రెండేళ్ళు పట్టింది.

అందుకని నేను ముందు చూసేది హార్స్‌పవర్ కాదు. ఒక పోలిక చెబుతాను. 2019 ప్రాంతంలో బీఎండబ్ల్యూ ఒకే 1254 సీసీ ఇంజనుతో రెండు బండ్లు అమ్మింది. ఆర్ 1250 ఆర్ఎస్ ఆ 1976 తాతకి మనవడు, ఆర్ 1250 జీఎస్ ఎడారి కొమ్మ. బరువులు 243, 249 కిలోలు, దాదాపు సమానం. సీటు ఎత్తు ఆర్ఎస్‌కి 820 మిల్లీమీటర్లు, జీఎస్‌కి 850. చక్రం ఆడే చోటు ఆర్ఎస్‌కి ముందు 140, జీఎస్‌కి 190. ముందు చక్రం ఒకదానికి 17 అంగుళాలు, రెండోదానికి 19. ఇంజను ఒకటే అయినప్పుడు మీరు డబ్బు పెట్టి ఎంచుకునేది ఈ నాలుగు అంకెలనే. పెద్ద చక్రం గుంటని తేలిగ్గా దాటుతుంది, మలుపులో కాస్త బద్ధకిస్తుంది. చిన్న చక్రం మలుపులో మాట వింటుంది, గుంటలో దెబ్బ తింటుంది. నడుంనొప్పి ఉన్నవాళ్ళకి, మోకాళ్ళు ఎక్కువ మడవలేనివాళ్ళకి ఎత్తు బండే సుఖం, అందులో అనుమానం లేదు. స్పోర్ట్ టూరర్ మీద వంగి కూర్చుంటే మణికట్ల మీద బరువు పడుతుంది. పైగా పాత పెద్ద స్పోర్ట్ టూరర్లు మూడొందల కిలోల దాకా తూగుతాయి, గరాజ్‌లో వెనక్కి నెట్టడానికి మనిషి సాయం కావాలి.

మన ఊళ్ళో తిరగడానికైతే నా సలహా వేరుగా ఉండేది. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఎత్తు బండే అయినా సీటు 800 మిల్లీమీటర్లే, 411 సీసీ. మన రోడ్లనీ మన కాళ్ళనీ చూసినవాళ్ళు చేసిన బండి అది.

ఫోన్ చేసిన ఆయనకి మొన్న నేనే ఫోన్ చేశాను. పోయిన ఏడాది కారులో వెళ్ళిన దూరప్రయాణాలన్నీ ఒక కాగితం మీద రాయమన్నాను. అబ్బాయి కాలేజీకి నాలుగుసార్లు, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి రెండుసార్లు, స్మోకీ మౌంటెన్స్‌కి ఒకసారి. కంకర ఎక్కడ తగిలిందని అడిగితే చాలాసేపు ఆలోచించి, "మా డ్రైవ్‌వే పక్కన ఉందండీ" అన్నారు. అయితే మీకు ఎత్తు బండి అక్కర్లేదు, తక్కువ సీటున్న స్పోర్ట్ టూరర్లు చూడండి, పెట్టెల్లో సామాను నింపి, ఆవిడని ఎక్కించుకుని, రెండు పాదాలూ ఆనుతున్నాయో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి అని చెప్పాను. పాతికేళ్ళ విరామం వచ్చింది కనుక ముందు మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్ళ క్లాసులో చేరమని కూడా చెప్పాను.

చేరారట. ఆవిడ కూడా పేరిచ్చారట, వెనక కూర్చోవడం ఎందుకు, నేనూ నేర్చుకుంటానని. ఇప్పుడు ఆయన కొత్త ప్రశ్న గరాజ్‌లో రెండు బండ్లు పడతాయా అని. దానికి జవాబు వచ్చే నెల. అందాకా సెలవు.