ఉప్పెన నుంచి ఉపగ్రహం దాకా

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. పదివేల మందికి పైగా పోయారు. మా మేనత్త ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. సముద్రం వస్తోందని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్ళాక తుపానును ఆకాశం నుంచి కనిపెట్టడం, తీర గ్రామాలకు నేరుగా హెచ్చరిక పంపడం సాధ్యమయ్యాయి. 1990 మేలో మళ్ళీ పెనుతుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. లక్షమందికి పైగా ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది.

కరవు చప్పుడు లేకుండా వస్తుంది. పచ్చని ఆకు ఎర్రకాంతిని పీల్చుకుని, కంటికి కనబడని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఆ తేడా తగ్గితే పైరు వాడుతున్నట్టే. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 1989 నుంచి ఈ పద్ధతిలో జిల్లాలవారీగా కరవును అంచనా వేసింది. మొదట్లో వాడినవి మనమిప్పుడున్న ఈ అమెరికా ఉపగ్రహాల చిత్రాలే. తరవాత మన ఐ.ఆర్.ఎస్. ఉపగ్రహాలు అందుకున్నాయి.

వరదలప్పుడు మబ్బులే అడ్డం. రాడారుకు ఆ అడ్డు లేదు. రాత్రయినా చూస్తుంది, నిలిచిన నీరు అందులో నల్లగా కనబడుతుంది. 2012లో శ్రీహరికోట నుంచి ఎగిరిన రిశాట్-1తో సొంత రాడారు కూడా మనకు సమకూరింది.

ఇప్పటికీ ఏ వరద పటం చూసినా నా వేలు ముందు దివిసీమ మీదికే పోతుంది. ఉపగ్రహం కబురు చెప్పగలదు. దాన్ని ఊరి చివరి గుడిసె దాకా మోసుకెళ్ళవలసింది మాత్రం మనిషే. మా అత్తయ్య గుడిసె ఊరి చివరే ఉండేది.